మసేను ఇంటి తలుపు

ఎవరైనా ప్రశ్న అడిగితే సత్యానందం అయ్యగారు ముందు వాళ్లని కూర్చోమంటారు. నిలబడి అడిగినదానికి నిలబడే జవాబు చెబితే అది తగువులా మారుతుందని ఆయన అభిప్రాయం. సువార్తికుల శిక్షణ బడిలో చదువుకునే వాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. అందుకే ఈస్టరు సెలవులకి ఇంటికి వెళ్లి ఆ సాయంత్రమే తిరిగొచ్చిన జయశీల్, సంచి భుజాన ఉండగానే వరండాలోకి వచ్చి, అయ్యగారి పడక్కుర్చీ పక్కనున్న పీట లాక్కుని కూర్చున్నాడు.

“అయ్యగారూ, వినకూడదని ముందే తీర్మానించుకున్న మనిషికి పునరుత్థానం సంగతి ఎలా చెప్పాలి?” అని అడిగాడు.

అతని మనసులో ఉన్నది సొంత అన్నే. అన్న కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. ఈస్టరు నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాటామాటా వచ్చింది. ఖాళీ సమాధి గురించి, మొదట చూసొచ్చి చెప్పిన స్త్రీల గురించి, భయంతో దాక్కున్న శిష్యులు ప్రాణాలకి తెగించి వీధిలోకి రావడం గురించి, నేర్చుకున్నదంతా జయశీల్ ఒక్కొక్కటిగా ముందు పెట్టాడు. అన్న ఒక్కొక్కటిగా పక్కకి తోసేశాడు. చివరికి, “చచ్చినవాడు లేవడు. నువ్వేం చెప్పినా నేను నమ్మను. పులుసు చల్లారిపోతోంది, తిను,” అన్నాడు.

“నా దగ్గరున్న రుజువులన్నీ అయిపోయాయి అయ్యగారూ,” అన్నాడు జయశీల్. “ఇంకా ఏవైనా ఉంటే చెప్పండి.”

అయ్యగారు రుజువుల మాట ఎత్తలేదు. కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటూ, “నన్ను మొట్టమొదట ముత్యాలరేవుకి పంపించారు. అక్కడ మసేను అని ఒకాయన ఉండేవాడు,” అని మొదలుపెట్టారు. ఆయన చెప్పినది ఇది.

ముత్యాలరేవు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న పల్లె. ఊళ్లో సగానికి పైగా ఇళ్లు తాటాకు కప్పులే. ఆ పల్లెలో వేటకి వెళ్లే ప్రతి మనిషీ పడవని నీళ్లలోకి తోసేముందు ఒకసారి మసేను మొహం చూసేవాడు. మసేను ఒడ్డున నిలబడి నీటి రంగు చూసేవాడు, గాలి ఎటునుంచి వస్తోందో చెంప మీద పట్టి చూసుకునేవాడు. తల ఊపితే వెళ్లేవారు, ఊపకపోతే వలలు మళ్లీ ఇంటికి మోసుకుపోయేవారు. ఆయన మాట తప్పడం ఎవరూ ఎరగరు. ఆయన అసలే ఎరగడు. భార్య చనిపోయాక ఒక్కగానొక్క కొడుకు ఎల్లాజీని తనే పెంచాడు. ఆ కొడుకు ఎగువ పల్లెకి చెందిన రాహేలు అనే క్రైస్తవుల పిల్లని ఇష్టపడి చేసుకున్నాడు. మసేను ఔననలేదు, కాదనలేదు. కోడలు ఆదివారం గుడికి వెళ్తే వెళ్లనిచ్చాడు. మనవరాలు పుట్టాక ఆ పిల్లని భుజాన వేసుకుని ఒడ్డున తిరిగేవాడు.

ఒక కార్తీకంలో ఎల్లాజీ ఇంకో ఇద్దరితో కలిసి వేటకి వెళ్లాడు. మసేను తల ఊపి పంపించిన వేటే అది. పొద్దెక్కాక గాలి తిరిగింది. ఆ తిరగడం మసేను తన జన్మలో చూడని తిరగడం. తుపాను వెలిసాక ఎల్లాజీతో వెళ్లిన ఇద్దరి శవాలూ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఎల్లాజీ రాలేదు. పడవ ముందుభాగపు చెక్క ఒకటి, దాని మేకుకి చిక్కుకుని అతని చొక్కా వచ్చాయి. మసేను ఆ చెక్కని తిప్పి చూశాడు, కెరటాల వైపు చూశాడు, “అయిపోనాది,” అన్నాడు. ఊరంతా ఆ మాటే పట్టుకుంది, ఎందుకంటే ఆ మాట అన్నది మసేను. సరుగుడు తోట పక్కన ఇసకలో గొయ్యి తీసి, కొడుకు బదులు ఆ చెక్కనీ చొక్కానీ పూడ్చాడు. జరగాల్సిన దినాలన్నీ జరిపించాడు. ఒక్క రాహేలు మాత్రం చేతిగాజులు తీయనివ్వలేదు. “శవాన్ని సూడలేదు మావా. నాను తియ్యను,” అంది. మసేను ఆమెని బలవంతపెట్టలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమెతో కొడుకు ఊసెత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. వేటకి వెళ్లేవాళ్లు మొహం చూస్తే తల తిప్పుకునేవాడు.

ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు వచ్చాయి. ఒక ఉదయం ఏటికి అవతల పల్లె నుంచి కొర్లమ్మ అనే ఆమె ఎండుచేపల గంపతో వచ్చి, బోరింగు దగ్గర రాహేలుని వెతికి పట్టుకుంది. కొర్లమ్మ భర్త కూడా ఆ తుపానులోనే కొట్టుకుపోయినవాడు. వేరే దేశపు ఓడ అతన్ని పైకి తీసిందట. హద్దు దాటి వచ్చావంటూ ఆ దేశంలో ఒక శిబిరంలో ఉంచి, ఈ మధ్యనే వదిలిపెట్టారట. ఆ శిబిరంలో అతని పక్కన పడుకున్నవాడు ముత్యాలరేవు మనిషి. కాలు విరిగి అతుక్కుంది. పేరు ఎల్లాజీ. “ఆడపిల్ల ఉన్నాదని, దానికి మాటలొచ్చీసుంటాయని రోజూ సెప్పీవోడట. మిగిలినోళ్లనీ వొదిలేస్తారట అమ్మా. నీకు సెప్పమని మా ఆయనకి మరీమరీ సెప్పి పంపినాడట,” అంది కొర్లమ్మ.

రాహేలు బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది. మసేను గడప మీద కూర్చుని తెగిన వల అల్లుకుంటున్నాడు. ఆమె చెప్పింది అంతా విన్నాడు. చేతిలో పని ఆపలేదు.

“ఆడోళ్ల మాట,” అన్నాడు.

వెనకే వచ్చిన కొర్లమ్మ, “అన్నా, మా ఆయన కళ్లారా సూసినాడు,” అంది.

“నీ మొగుడు ఎవుడ్నో సూసినాడు. నా కొడుకు నీ మొగుడికి తెల్దు. ఆ గాలి నాకు తెల్సు, ఆ నీరు నాకు తెల్సు. దాన్లో పడినోడు తిరిగి రాడు.”

ఆ ఆదివారం కొర్లమ్మ భర్త తనే వచ్చాడు. ఎల్లాజీ గెడ్డం కింద గాటు ఉందన్నాడు. పల్లెలో ఎవరిని అడిగినా చెబుతారన్నాడు మసేను. ఎల్లాజీ నిద్రలో పళ్లు కొరుకుతాడన్నాడు. అందరూ కొరుకుతారన్నాడు మసేను. ఎన్ని ఆనవాళ్లు చెబితే అన్నింటికీ ఆయన దగ్గర జవాబుంది. ఆఖరికి లేచి లోపలికి పోయాడు. రాహేలు ఆ మర్నాడు పిల్లని చంకనేసుకుని పట్నంలో కలెక్టరు కచేరీకి వెళ్లింది. అయ్యగారు కూడా తోడు వెళ్లారు. అక్కడివాళ్లు ఆనవాళ్లన్నీ అడిగి, కనుక్కుని చెబుతామన్నారు. అంతకుమించి ఏమీ తేలలేదు.

అయ్యగారికి అప్పుడు చిన్న వయసు. చదువు కొత్తగా ముగించుకుని వచ్చారు. మసేనుని మాటలతో గెలవగలనని అనుకున్నారు. శుభ శుక్రవారం ముందు రోజు ఆయన ఇంటికి వెళ్లి, క్రీస్తు మరణాన్ని జయించడం గురించీ, దేవుడికి అసాధ్యం అన్నది లేకపోవడం గురించీ చాలాసేపు చెప్పారు. మసేను మర్యాదగా చాప వేసి కూర్చోబెట్టి అంతా విన్నాడు. విని, మెల్లగా ఇలా అన్నాడు:

“బాబూ, మీ దేవుడు లెగిసినాడని మీరు సెప్పుకోండి. నాకేటీ అడ్డం లేదు. నా కొడుకుని మాత్రం లేపకండి.”

అయ్యగారు లేచారు. ఆ మాటలో పొగరు లేదు. కళ్లలో నీళ్లూ లేవు. మసేను చాప మడిచి మూల పెట్టేశాడు. మసేను మనసులో ఏముందో అయ్యగారికి ఆ తర్వాత చాలా రోజులకి ఆయన నోటినుంచే తెలిసింది. కోడలు చెప్పింది అబద్ధమైతే కొడుకుని రెండోసారి పూడ్చుకోవాలి. అది తనవల్ల కాదు. నిజమైతే, బతికున్న కొడుకుకి తన చేత్తోనే గొయ్యి తీశాడు. అది అంతకంటే కాదు. ఈ రెండింటి మధ్యా నిలబడడానికి చోటు లేక, తెలుసు అన్న ఒక్క మాటనే పట్టుకుని వేలాడాడు.

ఈస్టరు వచ్చింది. చీకటి విడకముందే పల్లె క్రైస్తవులంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరకి వెళ్లి, పాటలు పాడుకుంటూ ఒడ్డు వెంబడి గుడికి తిరిగొచ్చారు. ఆ పాట తన ఇంటి ముందునుంచి వెళ్తుంటే మసేను గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాహేలు ఆరాధన నుంచి వచ్చి పండగ వంట చేసింది. అన్నం వార్చి, వంజరం పులుసు పెట్టి, మామకి కంచం పక్కన ఉంచి, పిల్లని తీసుకుని గుడి దగ్గర భోజనాలు వడ్డించడానికి వెళ్లింది. మసేను కంచం ముట్టలేదు.

మిట్టమధ్యాహ్నం దాటాక ఉప్పుమడుల పక్క రోడ్డు మీద బస్సు ఆగింది. దాన్లోంచి గెడ్డం పెరిగిన మనిషొకడు దిగి, కుంటుకుంటూ పల్లెవైపు నడిచాడు. ఒంటి మీద తనది కాని, బాగా వదులుగా ఉన్న చొక్కా. గుడి దగ్గర విస్తళ్ల ముందున్నవాళ్లలో ఎవరు మొదట గుర్తుపట్టారో తెలియదు. రాహేలు చేతిలో గరిటె ఉండగానే పరిగెత్తింది. అతని దగ్గరకి వెళ్లి, అతని మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గరిటెలో పులుసు అతని చొక్కా మీద కారింది. చంటిపిల్ల తండ్రిని ఎరగక ఏడ్చింది. భోజనాలు వదిలేసి జనమంతా వాళ్ల చుట్టూ చేరారు. “ఎల్లాజీ వొచ్చీసినాడు, మసేను కొడుకు వొచ్చీసినాడు,” అని ఆ కేక ఇంటింటికీ పాకింది.

కేక మసేను చెవిన పడింది. ఆయన లేచాడు. జనం తన ఇంటివైపే వస్తున్నారని గ్రహించి, వీధి తలుపు మూసి లోపల గడియ పెట్టేశాడు.

జనం తలుపు ముందు ఆగారు. రాహేలు పిలిచింది. ఊరి పెద్దలు పిలిచారు. “మసేనూ, నీ కొడుకురా, తియ్యరా,” అన్నారు. అయ్యగారు అందరికంటే ముందుకొచ్చి తలుపు మీద తట్టి, కళ్లతో చూసి నమ్మమని, చూడకుండా కాదనడం న్యాయం కాదని, తోచినవన్నీ చెప్పారు. లోపల మసేను గోడకి వీపు ఆనించి, మోకాళ్లలో తల పెట్టుకుని, రెండు చెవులూ మూసుకున్నాడు. ఎవరినో తెచ్చి తన కొడుకంటున్నారు. లేదా శవం దొరికి దాన్ని తెస్తున్నారు. ఏదైనా సరే, చూడకూడదు. పిలిచేకొద్దీ చేతులు ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

ఎల్లాజీ జనాన్ని చూసి, “ఒల్లకోండి. ఎవురూ పిలవకండి,” అన్నాడు. ఒక్కడే ఇంటి పక్కగా వెనక్కి వెళ్లాడు. అక్కడ వంటింటికి గోడ లేదు, తాటాకు తడిక ఉంది. పెళ్లికాక ముందు నాటకాలు చూసి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో తండ్రిని లేపకుండా ఆ తడిక ఎత్తుకునే లోపలికొచ్చేవాడు. ఇప్పుడు కుంటికాలు ముందు పెట్టి, తడిక ఎత్తి, వంగి లోపలికి వెళ్లాడు.

అలికిడికి మసేను తల ఎత్తాడు. చీకటిగా ఉన్న ఆ గదిలో, వంటింటి వెలుతురుకి అడ్డంగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బక్కగా, గెడ్డంతో. గొయ్యిలోంచి లేచొచ్చిందేదో ఎదురుగా నిలబడిందనుకున్నాడు.

“ఎవురు?” అన్నాడు.

ఎల్లాజీ నేను ఫలానా అని చెప్పలేదు. నమ్మమనీ అనలేదు. ఇన్నాళ్లూ నన్ను చచ్చిపోయాడన్నావే అని ఎత్తిపొడవలేదు. తండ్రికి ఎదురుగా నేల మీద చతికిలబడి, చెడ్డ కాలు చాపుకుని, “అయ్యా, ఆకలేస్తంది. తినడానికి ఏటున్నాది?” అన్నాడు.

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ప్రతి పొద్దూ వినిపించినదే. మసేను బుర్ర ఏమీ తేల్చుకోకముందే చేతులు కదిలాయి. కోడలు పెట్టి వెళ్లిన కంచం ముందుకి జరిపాడు. మూత తీసి పులుసు పోశాడు, చేప ముక్క వేశాడు. ఎల్లాజీ కలుపుకుని తినసాగాడు. ముల్లుని నోటి పక్కనుంచి వేళ్లతో లాగి, కంచం అంచున పెట్టడం, మళ్లీ ముద్ద కలపడం, అంతా మసేను రెప్ప వేయకుండా చూశాడు. దయ్యాలు ముళ్లు ఏరుకుని తినవు. అప్పుడు అన్నంలో కదులుతున్న ఆ అరచెయ్యి ఆయన కంటపడింది. అడ్డంగా, లోతుగా, మానిపోయిన గాటు. రెండో చేతి మీదా అదే.

“ఆ సేతులేట్రా?” అన్నాడు.

“మోకు కోసీసింది అయ్యా. ఒదిలితే పోతానని ఒదల్లేదు.”

మసేను ముందుకి జరిగి ఆ ఎడమ చేతిని అందుకున్నాడు. వేలితో ఆ గాటు ఈ కొసనుంచి ఆ కొసకి తడిమాడు. వేడిగా ఉంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఎల్లాజీ అలాగే ఉంచి, కుడిచేత్తో తింటున్నాడు.

“సముద్రం ఎవుళ్లనీ తిరిగియ్యదనుకున్నాన్రా,” అన్నాడు మసేను.

“ఇచ్చింది కదా అయ్యా. ఇంకో ముక్క వెయ్.”

అప్పుడు మసేను నవ్వాడు. నవ్వూ ఏడుపూ కలిసిపోయి, భుజాలు ఎగిసెగిసి పడుతుంటే, కుండలో ఉన్న ముక్కలన్నీ ఆ కంచంలోకి వంపేశాడు.

గడియ చప్పుడైంది. తలుపు తీసుకుని మసేను బయటికొచ్చాడు. కొడుకు చేతిని తన చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. ఎండలో ఆ గాటు అందరికీ కనిపించింది. ఆయన పెద్దలని చూడలేదు, అయ్యగారిని చూడలేదు. తిన్నగా రాహేలు ముందుకి వెళ్లి, “అమ్మా, నువ్వు సెప్పినావు. నాను ఇనలేదు,” అని ఊరంతా వినేలా అన్నాడు. ఎవరి ముందూ వంగని తల వంచాడు. రాహేలు గాజుల చేతులతో ఆ తలని పైకెత్తింది.

తరవాత ఆయన సరుగుడు తోటకేసి నడిచాడు. జనమంతా వెనక నడిచారు. గొయ్యి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, పార తెస్తామన్నా ఆగకుండా, వట్టి చేతులతో ఇసక తోడేశాడు. చొక్కా బయటికి లాగి, దులిపి, తన భుజాన వేసుకున్నాడు. చెక్కని రెండు చేతులా ఎత్తి, పరిగెత్తుకుంటూ వెళ్లి, కెరటాల్లోకి విసిరేశాడు. ఖాళీ గొయ్యి చుట్టూ ఆడవాళ్లు పొద్దుటి పాట అందుకున్నారు. ఆ పాట రాని వాళ్లూ చప్పట్లు కొట్టారు. ఎవరో వెళ్లి గుడి గంట మోగించారు. పండగ నాడు ఆ పల్లెలో గంట రెండోసారి మోగడం అదే మొదలు. ముత్యాలరేవు వాళ్లు ఆ రోజు మళ్లీ విస్తళ్లు వేసుకుని తిన్నారు. ఈసారి క్రైస్తవులని, కానివాళ్లని ఎవరూ చూడలేదు.

పొద్దు వాలుతుండగా మసేను తనంతట తానే అయ్యగారి దగ్గరకొచ్చి కూర్చున్నాడు. “బాబూ, మొన్న మీరేదో సెప్పినారు. నాను సెవిన ఎట్టలేదు. మళ్లీ సెప్పండి. మొదట ఆడోళ్లు సూసినారంటారు కదా, ఆళ్ల మాట ఎవురూ నమ్మలేదంటారు కదా. ఆడనుంచి సెప్పండి,” అన్నాడు. అయ్యగారు చెప్పారు. ఈసారి వాదన ఒక్కటీ చేర్చలేదు. మగవాళ్లంతా గదిలో తలుపులు బిగించుకుని కూర్చోవడం, ప్రభువు వాళ్ల మధ్యకొచ్చి నిలబడడం, గాయాలున్న చేతులు చూపించడం, తినడానికి ఏమైనా ఉందా అని అడగడం దాకా వచ్చేసరికి మసేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. “ఆళ్లూ నాలాటోళ్లేనా?” అన్నాడు. ఔనన్నారు అయ్యగారు. మసేను ఇంకా దగ్గరకి జరిగి, “అయితే పూర్తిగా సెప్పండి బాబూ,” అన్నాడు.

వరండాలో దీపం వెలిగించారు. జయశీల్ భుజాన సంచి ఇంకా అలాగే ఉంది. అతనికి ఒక సందేహం మిగిలింది.

“ఎల్లాజీ చనిపోలేదు కదా అయ్యగారూ. తప్పిపోయి తిరిగొచ్చాడు. ప్రభువు నిజంగా చనిపోయి లేచాడు. రెండూ ఒకటి ఎలా అవుతాయి?”

“కావు. ఎల్లాజీ ఎప్పటికైనా పోవలసినవాడే. ప్రభువు మళ్లీ చావడు. నువ్వు అడిగింది మసేను గురించి. నేను చెప్పిందీ మసేను గురించే.”

జయశీల్‌కి అన్న మొహం గుర్తొచ్చింది. వచ్చే ఆదివారం మళ్లీ ఆ భోజనాల బల్ల దగ్గరే కూర్చోవాలి. సంచి భుజం నుంచి దించి, “మీరంతా అంతసేపు పిలిచినా తియ్యలేదు. చివరికి మసేను తనే తలుపు తీశాడన్నమాట,” అన్నాడు.

“తనే తీశాడు. మేమందరం బయటే నిలబడి ఉన్నాం,” అన్నారు అయ్యగారు, కళ్లజోడు పెట్టుకుంటూ. “కొడుకు అప్పటికే లోపల ఉన్నాడు.”